పంపింది ఎంత, ఇంటికి చేరింది ఎంత?

ఒకే రూములో ఉండే ముగ్గురు. ఒకే కంపెనీ, ఒకే సైటు, జీతం కూడా అటూ ఇటూ ఒకటే. జీతం పడ్డాక వచ్చిన ఆదివారం ముగ్గురూ తలా 1500 దిర్హాములు ఇంటికి పంపారు. రెండు రోజులాగి ఇళ్లకు ఫోన్ చేసి, అకౌంట్లో ఎంత పడ్డాయో కనుక్కొని ఒక కాగితం మీద రాసుకున్నారు. మొదటాయన ఇంట్లో 34,091 రూపాయలు. రెండో ఆయన ఇంట్లో 34,050. మూడో తమ్ముడి ఇంట్లో 33,376.

ఆ కాగితం పట్టుకొని మూడో తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. జగిత్యాల వైపు పిల్లగాడు, షటరింగ్ పని. "అన్నా, ఫీజు నేను పది దిర్హాములే కట్టిన. ఈయన ఇరవై ఒకటి కట్టిండు. మరి నాకే తక్కువెట్ల పడ్డయి?" అన్నాడు.

ఈ నెల పాఠం ఆ ప్రశ్న మీదే. లెక్క సులువుగా అర్థం కావాలని డాలర్ 85 రూపాయలు ఉన్నట్టు తీసుకొని అంకెలు సర్ది రాస్తున్నాను. మీరు చదివే రోజుకు రేటు వేరేగా ఉంటుంది. లెక్క చేసే తీరు మాత్రం అదే.

కోత రెండు చోట్ల ఉంటుంది

డబ్బు పంపేవాడు మన దగ్గర రెండు రకాలుగా తీసుకుంటాడు. ఒకటి కంటికి కనిపించేది, అదే ఫీజు. బోర్డు మీద రాసి ఉంటుంది, రసీదులో వస్తుంది, అది ఎక్కువైతే గొడవ కూడా పెట్టుకుంటాం. రెండోది రేటులో కోత. దిర్హాముకు బజారులో 23 రూపాయల 14 పైసలు పలుకుతుంటే మనకు 22 రూపాయల 40 పైసలు కట్టి ఇస్తాడు. మధ్యలో 74 పైసలు ఆయన జేబులోకి పోతాయి. దానికి ఫీజు అని పేరుండదు, రసీదులో విడిగా రాయరు.

కిలో ధర తక్కువ చెప్పి తూకంలో కొట్టే కొట్టువాడు మనకు కొత్తేమీ కాదు. ఇదీ అదే బాపతు.

ఇప్పుడు ఆ ముగ్గురి లెక్క విప్పి చూద్దాం. మొదటాయన ఎక్స్ఛేంజ్ కౌంటర్‌కు పోయాడు. ఫీజు 20, దాని మీద వ్యాట్ 1, కలిపి 21 దిర్హాములు. మిగిలిన 1479 దిర్హాములకు 23.05 చొప్పున 34,091 రూపాయలు పడ్డాయి. రెండో ఆయన ఫోన్ యాప్‌లో పంపాడు. "ఫీజు సున్నా" అని పెద్ద అక్షరాలతో ఉంది. రేటు 22.70. పూర్తి 1500 మీద 34,050 వచ్చాయి. మూడో తమ్ముడు క్యాంపు గేటు బయట బకాలాలో ఇచ్చాడు. అక్కడ ఒకాయన తన ఫోన్‌లోంచి అందరికీ పంపిపెడతాడు. "నాకు చాయ్ ఖర్చు పది ఇవ్వు చాలు" అన్నాడట. మిగిలిన 1490కి 22.40 చొప్పున 33,376.

చాయ్ ఖర్చు అసలు ధర 715 రూపాయలు. నెలనెలా ఇలాగే పంపితే ఏడాదికి 8,580. ఆ తమ్ముడు మూడేళ్ల నుంచి అక్కడే పంపుతున్నాడు. లెక్క చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పైసలే గద అనుకున్న అన్నా" అన్నాడు. నిజంగా పైసలే. 1500 దిర్హాములు పంపేవాడికి రేటులో పది పైసలు తగ్గితే 150 రూపాయలు పోతాయి.

అయితే సున్నా ఫీజు మోసమా?

కాదు. అక్కడే చాలామంది పొరబడతారు. 500 దిర్హాములే పంపాల్సి వచ్చిందనుకోండి. కౌంటర్‌లో 21 పోను 479కి 11,041 రూపాయలు వస్తాయి. సున్నా ఫీజు యాప్‌లో 11,350 వస్తాయి. చిన్న మొత్తానికి యాపే లాభం, 309 రూపాయలు మిగులుతుంది. అదే 3000 పంపితే కౌంటర్‌లో 68,666, యాప్‌లో 68,100. ఇప్పుడు కౌంటర్‌కే 566 లాభం. మనం తీసుకున్న అంకెల ప్రకారం 1400 దిర్హాముల దగ్గర రెండూ సమానం. అంటే ఫీజు చిన్న మొత్తాన్ని కొరుకుతుంది, రేటు పెద్ద మొత్తాన్ని కొరుకుతుంది.

ఇంకో అలవాటు కూడా చూశాను. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా 500, 500 పంపేవాళ్లు ఉన్నారు. కౌంటర్‌లో మూడుసార్లు 500 పంపితే ఫీజులకే 63 దిర్హాములు. ఇంటికి చేరేది 33,123. ఒకేసారి 1500 పంపితే 34,091. 968 రూపాయల తేడా. ఆస్పత్రి ఖర్చులాంటి అవసరం వస్తే ఎన్నిసార్లయినా పంపక తప్పదు, అది వేరే మాట. నెల ఖర్చు మాత్రం ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకొని ఒకటే సారి పంపండి.

ఇంత లెక్క కౌంటర్ దగ్గర నిలబడి చెయ్యలేం. వెనక లైను ఉంటుంది, కౌంటర్‌లో అమ్మాయి తొందరపెడుతుంది. అందుకే ఒకే ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. "నా చేతిలోంచి మొత్తం 1500 ఇస్తున్నా. ఇంట్లో అకౌంట్‌లో ఎన్ని రూపాయలు పడతాయి?" హిందీలో అయితే "టోటల్ పంద్రా సౌ దే రహా హూఁ, ఇండియా మే కిత్నా మిలేగా?" ఫీజు ఎంత, రేటు ఎంత అని విడివిడిగా అడగొద్దు. విడిగా అడిగితే రెంట్లో ఏది బాగుంటే అదే చెప్తారు. రూపాయల అంకె ఒక్కటి రాయించుకొని, పక్క షాపులో అదే 1500కి అదే ప్రశ్న వెయ్యండి. యాప్‌లో కూడా ఆఖరి బటన్ నొక్కకముందు ఆ అంకె కనిపిస్తుంది. చూసి, నచ్చకపోతే వెనక్కి రావచ్చు, డబ్బేమీ పోదు.

డాలర్ ధర తెలిస్తే చాలు

ఈ రోజు సరైన రేటు ఎంతో మనకెలా తెలుస్తుంది? దీనికో దారి ఉంది. యూఏఈ దిర్హాము డాలర్‌కు కట్టేసి ఉంది. 1997 నుంచి ఒక డాలర్‌కు 3.6725 దిర్హాములే, మారలేదు. కాబట్టి టీవీ వార్తల్లోనో ఫోన్‌లోనో డాలర్ ఎన్ని రూపాయలో చూసి, ఆ అంకెను 3.6725తో భాగించండి. 85ను భాగిస్తే 23.14. అదే బజారు రేటు. ఏ షాపూ మీకు అంత ఇవ్వదు, ఇవ్వాలని నియమమూ లేదు. వాళ్లూ బతకాలి. కానీ 10, 15 పైసలు తక్కువ ఇచ్చేవాడికీ, 70 పైసలు తక్కువ ఇచ్చేవాడికీ తేడా మీ చేతిలోని ఫోన్ కాల్క్యులేటరే చెప్తుంది.

సౌదీలో ఉన్నవాళ్లు 3.75తో, ఖతార్‌లో ఉన్నవాళ్లు 3.64తో భాగించండి. బహ్రెయిన్ అయితే 0.376, ఒమాన్ అయితే 0.3845. కువైట్ దినార్ ఒక్క డాలర్‌కే కట్టి లేదు, అందుకని అక్కడివాళ్లు ఫోన్‌లో దినార్ రేటునే నేరుగా చూసుకోవాలి.

శని, ఆదివారాల్లో కరెన్సీ బజారు మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎలా తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి చాలాచోట్ల ఆ రెండు రోజులు కాస్త చెయ్యి బిగబట్టి రేటు ఇస్తారు. మన సెలవు ఆదివారమే కావడం మన ఖర్మ. మీ పేరు మీద మీ ఫోన్‌లో యాప్ ఉంటే మంగళవారమో బుధవారమో రాత్రి రూములో కూర్చొని పంపుకోవచ్చు. ఇక "రేటు పెరుగుతది, ఆగుదాం" అని నెలల తరబడి డబ్బు పెట్టె కింద పెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు నడుస్తుంటే, ఇక్కడ పది పైసల రేటు కోసం ఆగితే ఏం మిగులుతుంది? లక్ష అప్పు మీద నెలకు మూడు వేలు పోతాయి.

క్యాంపు దగ్గర పంపిపెట్టేవాడు

ఆయన చెడ్డవాడని నేను అనను. మన మనిషే అయి ఉంటాడు. డ్యూటీ దిగి బస్సులో క్యాంపుకు వచ్చేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది. ఎక్స్ఛేంజ్‌కు పోవాలంటే టాక్సీ కావాలి. చదువు రానివాళ్లకు యాప్ అంటే భయం. ఆ ఖాళీలోనే ఆయన వ్యాపారం నడుస్తోంది. అయినా రేటు కోత కన్నా పెద్ద ప్రమాదాలు అక్కడ ఉన్నాయి, అవి తెలుసుకోండి.

మీ డబ్బు ఆయన పేరు మీద పోతుంది. రసీదు ఆయనది. మీ ఇంట్లో పడకపోతే మీరు ఎవరిని అడుగుతారు? ఎక్స్ఛేంజ్‌కు మీరెవరో తెలియదు. రేపు ఆయన ఫ్లైట్ ఎక్కిపోతే కల్లివల్లి.

దీనికి తిరగేసినది ఇంకా ప్రమాదం. "నీ ఎమిరేట్స్ ఐడీ ఒకసారి ఇవ్వు భయ్యా, నా లిమిట్ అయిపోయింది, నీ పేరు మీద రెండు ట్రాన్స్‌ఫర్లు కొట్టుకుంటా, ఇరవై ఇస్తా" అంటాడు. ఇవ్వొద్దు. ఆ డబ్బు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. కాగితాల మీద పంపింది మీరు. పోలీసు కేసు అయితే జవాబు చెప్పాల్సింది కూడా మీరే. రూములో స్నేహితుడైనా సరే, ఎవరి డబ్బు వాళ్ల ఐడీ మీదే పోవాలి.

హుండీ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. హుండీవాడు ఎక్స్ఛేంజ్ కన్నా ఎక్కువ రేటు ఇచ్చే రోజులు ఉన్నాయి. ఇంటికే తెచ్చి ఇస్తాడు కూడా. అందుకే మనవాళ్లు అటు పోతారు. కానీ ఇండియాలో హుండీ సొమ్ము తీసుకోవడం ఫెమా చట్టానికి విరుద్ధం. ఈ మధ్య ఇంకో బాధ వచ్చిపడింది. హుండీవాడు మీ భార్య అకౌంట్‌లో వేసే డబ్బు ఎక్కడో సైబర్ మోసగాళ్లు ఎవరినో ముంచి తెచ్చింది అయి ఉండవచ్చు. మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏ అకౌంట్ల గుండా పోయిందో వాటన్నిటినీ పోలీసులు ఆపేస్తారు. ఏ రాష్ట్రపు పోలీసులో, ఎవరికి చెప్పుకోవాలో తెలియక బ్యాంకు చుట్టూ తిరగాలి. దినానికి కూడా అకౌంట్లోంచి రూపాయి తీయలేరు. పైగా "ఈ డబ్బు మా ఆయన కష్టార్జితం" అని చూపించడానికి హుండీకి రసీదు ఉండదు.

జీతం కార్డు

యూఏఈలో జీతాలు 2009లో మొదలైన వేతన రక్షణ పద్ధతి ద్వారా పడతాయి. మనం డబ్ల్యూపీఎస్ అంటాం. చాలామందికి బ్యాంకు అకౌంట్ ఉండదు, జీతం కార్డే ఉంటుంది. జీతం వెయ్యడానికి అయ్యే ఖర్చు యజమానిదే. దాన్ని కార్మికుడి మీద వెయ్యకూడదు. "కార్డు ఖర్చు" అని కంపెనీ జీతంలో కోసుకుంటే అడిగే హక్కు మీకుంది.

కానీ కార్డు వాడినప్పుడు పడే చిల్లర చార్జీలు వేరే. వేరే బ్యాంకు ఏటీఎంలో తీస్తే ఒక చార్జీ. ఊరికే బ్యాలెన్స్ చూసినా కొన్ని కార్డులకు చార్జీ. ఎస్సెమ్మెస్‌కు నెలకింత. ఇన్సూరెన్స్ అని ఇంకొంత. ఈ ఇన్సూరెన్సు మీద చాలామందికి అనుమానం వచ్చేది నెలలు గడిచాకే. కార్డు ఇచ్చిన రోజు నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు, ఏది దేనికో చెప్పరు. ఒకసారి కార్డు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "నా కార్డు మీద నెలనెలా ఏమేం కట్ అవుతున్నాయి?" అని అడగండి. మీరు కోరని సేవ అయితే ఆపమనండి.

కొన్ని క్యాంపుల్లో ఒకాయన పదిమంది కార్డులు, పిన్ నంబర్లు పట్టుకొని ఏటీఎంకు పోయి డబ్బు తెచ్చి ఇస్తాడు. మనిషికి ఐదు దిర్హాములు. లైనులో నిలబడే పని తప్పుతుందని ఇస్తారు. పిన్ ఇచ్చి డబ్బు పోతే బ్యాంకు మీ మాట వినదు. మీరే పిన్ చెప్పారు కదా అంటుంది. సూపర్‌వైజర్ అడిగినా కార్డు ఇవ్వొద్దు.

ఇళ్లలో పనిచేసే అక్కలకు

మీ కష్టం వేరు. మీరు బయటికే రాలేరు. ఇంటి డ్రైవరో, మేడమో పంపిపెట్టాలి. కువైట్ నుంచి కడప జిల్లా అక్క ఒకావిడ ఫోన్‌లో చెప్పింది. నెలకు 100 దినార్లు డ్రైవర్ చేతికి ఇస్తుంది. ఆయన తనకో దినార్ తీసుకుంటాడు. దినార్ అంటే 270 రూపాయల పైమాటే. రసీదు అడిగితే "బండిలో ఉంది" అంటాడు. రేటు ఎంతని అడిగితే "ఈసారి మంచి రేటు, మూడు ఏడొందలు" అన్నాడట. అక్క పోయినసారి మూడు ఆరొందల ఇరవై విన్నది. ఏడొందలు పెద్దది కదా, మంచిదే అనుకుంది.

ఇక్కడో మెలిక ఉంది. కువైట్‌లో, కొన్నిసార్లు దుబాయ్‌లో కూడా, రేటును తిప్పి చెప్తారు. 1000 రూపాయలకు ఎన్ని దినార్లు అని. ఇలా చెప్పినప్పుడు అంకె చిన్నదైతేనే మనకు లాభం. 1000 రూపాయలకు 3.620 దినార్లయితే 100 దినార్లకు 27,624 రూపాయలు వస్తాయి. 3.700 అయితే 27,027. దాదాపు 600 తక్కువ. కాబట్టి మీరు కూడా రేటు అడగొద్దు. "100కు ఇంట్లో ఎన్ని పడతాయి?" అనే అడగండి.

ఎవరు పంపినా సరే, రసీదు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. గొడవగా కాదు, "మా ఇంట్లో వాళ్లు బ్యాంకులో చూపించాలట" అని నెమ్మదిగా అడిగితే ఎవరూ కాదనరు. మేడమే జీతం నేరుగా మీ ఇంటికి పంపుతుంటే ఆ రసీదు ఇంకా ముఖ్యం. ఏ నెల జీతం ఇచ్చారు, ఏ నెల ఇవ్వలేదు అన్న తగువు వచ్చినప్పుడు మీ దగ్గర ఉండే సాక్ష్యం అదొక్కటే కావచ్చు. ఫొటోలన్నీ ఊళ్లో ఒకరి ఫోన్‌లో కూడా దాచి పెట్టించండి. మీ ఫోన్ ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం.

ఊళ్లో రెండో కోత

ఇక్కడ ఇంత జాగ్రత్తపడి పంపిన డబ్బుకు ఊళ్లో ఇంకో కత్తెర పడుతుంది. బ్యాంకు మండలంలో ఉంటుంది, పోయిరావడానికి ఒక పూట కూలి పోతుంది. అందుకని మీ అమ్మో, భార్యో ఊళ్లోని మినీ బ్యాంకుకు పోయి వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకుంటారు. ఆయన వెయ్యికి పది చొప్పున పట్టుకుంటాడు. 10,000 తీస్తే చేతికి 9,900. అందరూ ఇస్తున్నారు కాబట్టి అది రూలే అనుకుంటారు.

అది రూలు కాదు. బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు కస్టమర్ దగ్గర నేరుగా ఫీజు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆయనకు కమీషన్ బ్యాంకు ఇస్తుంది. బ్యాంకుకే ఏదైనా చార్జీ ఉంటే అది అకౌంట్లో కట్ అవుతుంది, పాస్‌బుక్కులో కనిపిస్తుంది. చేతికిచ్చే నోట్లలోంచి వంద తీసి పక్కన పెట్టుకుంటే అది బ్యాంకు చార్జీ కాదు. ఈ ముక్క ఇంట్లో వాళ్లకు ఫోన్‌లో చెప్పండి. ఊళ్లో మనిషితో పోట్లాడమని కాదు. "బ్యాంకులో అడిగితే చార్జీ లేదన్నారు, మరి ఇదేందన్నా?" అని అడిగితే చాలాసార్లు వంద తిరిగి వస్తుంది.

ఏటీఎం దగ్గరలో ఉంటే అదే మేలు. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు చార్జీ లేకుండా తీయవచ్చు. ఆ తర్వాత కూడా 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయలు, పైన పన్ను. అంతకు మించకూడదు. వెయ్యికి పది కన్నా అది తక్కువే.

వేలిముద్ర దగ్గర ఇంకో ఆట ఉంది. "సర్వర్ లేదమ్మా, ఇంకోసారి వేలు పెట్టు" అంటాడు. ఒక్కోసారి నిజంగానే సర్వర్ ఉండదు. ఒక్కోసారి మొదటి వేలుకే డబ్బు కట్ అయి ఉంటుంది. రెండోసారి వేలు పెట్టేముందు ఫోన్‌లో మెసేజ్ వచ్చిందేమో చూడమనండి. డబ్బు కట్ అయి చేతికి రాకపోతే ఐదు రోజుల్లోపు వెనక్కి పడాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. ఇదీ రిజర్వ్ బ్యాంకు నియమమే, 2019 నుంచి ఉంది. వేలిముద్ర వాడే అవసరమే లేనివాళ్లు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించుకోవడం మంచిది. 1947కు ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు.

కొందరు అకౌంట్‌కు కాకుండా నగదు తీసుకునేలా పంపుతారు. పంపేటప్పుడే మీరు చార్జీ కట్టేశారు కాబట్టి అక్కడ మళ్లీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇలా చేతికి నగదుగా ఇచ్చేది 50,000 రూపాయల వరకే. ఆ పైన అయితే అకౌంట్‌లోనే వెయ్యాలి. కాబట్టి "పెద్ద మొత్తం, నగదుగా ఇవ్వాలంటే నాకింత" అని బేరం పెట్టేవాడిని నమ్మొద్దు.

తేడా వస్తే

రసీదు పారెయ్యొద్దు. అందులో తేదీ, మీరిచ్చిన మొత్తం, ఫీజు, వ్యాట్, రేటు, ఇంటికి పోయే రూపాయలు, రిఫరెన్స్ నంబర్ ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూడండి. వ్యాట్ ఐదు శాతం ఫీజు మీదే పడుతుంది. 20 ఫీజుకు ఒక దిర్హాము. మీరు పంపే 1500 మీద వ్యాట్ అని 75 అడిగితే మోసమే. ఇంటి అకౌంట్ నంబర్ కూడా అప్పుడే అంకె అంకె సరిచూసుకోండి. తప్పు పడితే సరిచేయడానికి మళ్లీ చార్జీ, మళ్లీ వారాలు. "మీ ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది, 50 దిర్హాములు కడితే క్లియర్ అవుతుంది" అని ఫోన్ వస్తే కట్టొద్దు. రసీదు పట్టుకొని నేరుగా ఆ బ్రాంచికే పోండి.

యూఏఈలో లైసెన్స్ ఉన్న ఎక్స్ఛేంజ్ ఏదైనా ఫీజూ రేటూ ముందే చెప్పాలి. ముందు చెప్పింది ఒకటి, తీసుకున్నది ఒకటి అయితే మొదట ఆ కంపెనీకే ఫిర్యాదు ఇచ్చి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే సనదక్ అనే సంస్థకు పోవచ్చు. బ్యాంకులు, ఎక్స్ఛేంజ్‌లు, ఇన్సూరెన్సుల మీద ఫిర్యాదులు చూసేది అదే. జీతంలో కోతల సంగతైతే కార్మిక మంత్రిత్వ శాఖ, మనం మోహ్రే అంటాం, నంబర్ 600590000. ఎటు పోవాలో తెలియకపోతే మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342కు చెయ్యండి, డబ్బు పడదు. ఊళ్లో ఏజెంటు మీద అయితే ముందు బ్యాంకుకు రాసివ్వాలి. 30 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్, ఫోన్ 14448. అకౌంట్లోంచి ఎవరో డబ్బు కొట్టేస్తే మాత్రం 30 రోజులు ఆగొద్దు, ఇంట్లో వాళ్లు వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

షటరింగ్ తమ్ముడు ఈ నెల యాప్ తన ఫోన్‌లో, తన ఐడీ మీద పెట్టుకున్నాడు. మొదటిసారి పంపేటప్పుడు భయమేసి, ముందు 100 దిర్హాములే పంపి, భార్య అకౌంట్‌లో పడ్డాయని ఫోన్ వచ్చాకే మిగతావి పంపాడు. మొదటిసారికి అలా చెయ్యడం మంచిదే. మీ దగ్గర పాత రసీదులుంటే ఆదివారం సాయంత్రం పట్టుకురండి. ఇంగ్లిష్‌లో, అరబ్బీలో ఏం రాసి ఉందో చదివి, కోత ఎంత పడిందో కూర్చొని లెక్క కడదాం.